చిన్నపిల్లలకు బొమ్మల పుస్తకాలతో కరోనా కాలం గురించి చెప్పడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లల గ్రంథాలయంలో కథలు చదివి వినిపిస్తుంటాను. 2020 నుంచి తల్లిదండ్రులు, అమ్మమ్మలు, అంగన్‌వాడీ టీచర్లు నన్ను మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్నలివి. కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది కానీ ప్రశ్నలు మాత్రం ఆగలేదు. అప్పుడు ఉయ్యాలలో ఉన్న పిల్లలు ఇప్పుడు బడికెళ్తున్నారు, ఇంట్లో ఫోటోలు చూసి అందరికీ మాస్కులెందుకని అడుగుతున్నారు. టీవీలో కొత్త వైరస్ పేరు వినబడితే చాలు, పెద్దవాళ్లలో పాత టెన్షన్ అంతా తిరిగొస్తోంది. రెండేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు ఉన్న పిల్లలను మనసులో పెట్టుకుని జవాబులు రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

## పుస్తకం తెచ్చే ముందు

మూడేళ్ల పిల్లకి ఇవన్నీ ఎందుకు? తెలియకుండా పెంచితేనే మంచిది కదా?

తెలియకుండా ఉండదు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు మూడేళ్ల పిల్లలకు వైరస్ అంటే ఏమిటో తెలియదు. కానీ పార్కు గేటుకు తాళం పడిందనీ, నాన్న పనికి వెళ్లడం లేదనీ, తను గదిలోకి రాగానే అమ్మ ఫోన్లో గొంతు తగ్గిస్తోందనీ తెలుసు. కారణం ఎవరూ చెప్పకపోతే పిల్లలు తమకు తామే ఒక కారణం అల్లుకుంటారు. చాలాసార్లు ఆ తప్పు తమ మీదే వేసుకుంటారు: నేను అల్లరి చేశాను, అందుకే పార్కు మూసేశారు, అన్నం తినలేదు, అందుకే తాతయ్య రావడం లేదు. ఈ వయసులో అలా అనుకోవడం సహజమే. అందుకే వాళ్లకు ఒక చిన్న నిజం చేతికివ్వాలి. బొమ్మలో ఇంకో పాప కూడా కిటికీ దగ్గర కూర్చుని ఎదురుచూస్తూ కనిపిస్తే, ఇది తనొక్కదాని తప్పు వల్ల జరిగింది కాదని మూడేళ్ల పిల్లకైనా అర్థమవుతుంది.

ఏ వయసుకి ఎంత చెప్పాలి?

రెండు మూడేళ్ల వాళ్లకు ఏం జరుగుతోంది, మనం ఏం చేస్తాం అన్నవి చాలు. "జబ్బు వచ్చింది, అందుకే ఇంట్లో ఉన్నాం, చేతులు కడుక్కుంటాం." నాలుగైదేళ్ల వాళ్లకు కంటికి కనబడని చిన్న క్రిమి ఒకరి నుంచి ఒకరికి ఎలా వెళ్తుందో బొమ్మతో చూపించవచ్చు. ఆరేళ్లు దాటినవాళ్లు న్యాయం గురించి అడగడం మొదలుపెడతారు: మనకి ఇల్లుంది, ఇల్లు లేనివాళ్లు లాక్‌డౌన్‌లో ఎక్కడున్నారు? ఈ ప్రశ్న వచ్చిందంటే ఆ పిల్లవాడు పెద్ద కథకు సిద్ధంగా ఉన్నట్టే. వయసు లెక్క కన్నా పిల్లల ప్రశ్నలు చూసి అడుగు వేయడం మేలు. అడిగినదానికి జవాబు చెప్పి ఆగండి. ఇంకా కావాలంటే వాళ్లే అడుగుతారు.

నోటితో చెబితే సరిపోదా? పుస్తకమే ఎందుకు?

పేజీ తిప్పడం పిల్లల చేతిలో ఉంటుంది కాబట్టి. టీవీ వార్త ఆగదు, మన మాటలు కూడా ఒక్కోసారి ఆగవు. పుస్తకాన్ని మాత్రం వాళ్లు మూసేయగలరు, వెనక్కి తిప్పగలరు, ఒక్క బొమ్మ దగ్గరే ఎంతసేపైనా ఉండిపోగలరు. మా కథల గంటకు వచ్చే నాలుగేళ్ల పాప ఒకతె ఉండేది. వైరస్ బొమ్మ ఉన్న పేజీ రాబోతోందని ముందే కనిపెట్టి, దాని మీద అరచేయి పరిచి, "ఇప్పుడు చదువు" అనేది. చేతి కింద ఉన్నది తనకు కనబడదు, కథ మాత్రం వినబడుతుంది. కొన్నాళ్లకు వేళ్ల సందుల్లోంచి చూడటం మొదలుపెట్టింది. ఆ తర్వాత చేయి తీసేసి ఆ బొమ్మకున్న ముళ్లను లెక్కపెట్టింది. భయాన్ని ఎంత దూరంలో ఉంచుకోవాలో ఆ పాపే నిర్ణయించుకుంది. మనం ఎంత బాగా చెప్పినా మాటలతో ఆ వీలు కల్పించలేం.

తెలుగులో ఇలాంటి పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి? డబ్బు పెట్టి కొనాలా?

చాలావరకు అక్కర్లేదు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల పుస్తకాలు ఉచితంగా చదువుకోవచ్చు, దింపుకుని ప్రింట్ తీసుకోవచ్చు. అక్కడ పుస్తకాలను చదివే స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా విడదీశారు. చిన్నవాళ్లకు మొదటి, రెండవ మెట్టు సరిపోతాయి. కరోనా మొదలైన కొద్ది వారాలకే, 2020 ఏప్రిల్‌లో, ఐక్యరాజ్యసమితి సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు కలిసి పనిచేసే ఒక బృందం "మై హీరో ఈజ్ యూ" అనే కథను ఉచితంగా విడుదల చేసింది. ప్రపంచం నలుమూలల నుంచి 1,700 మందికి పైగా పిల్లలు, తల్లిదండ్రులు, టీచర్లు ఆ రోజుల్లో తమకు ఎలా ఉందో చెబితే దాన్ని ఆధారం చేసుకుని అల్లిన కథ అది. వందకు పైగా భాషల్లోకి వెళ్లింది. పెద్దవాళ్లు పక్కన కూర్చుని చదివి వినిపించాలన్నది దాన్ని తయారుచేసినవాళ్ల ఉద్దేశం, పిల్లల చేతికిచ్చి వదిలేయడానికి కాదు. నిడివి ఎక్కువ, కాబట్టి ఐదేళ్ల లోపు వాళ్లకు ముక్కలుగా చదవండి.

అచ్చు పుస్తకాలు కావాలంటే సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం, చెన్నైలోని తులికా ప్రచురణలు చూడండి. ఒక్కమాట: పుస్తకంలో కరోనా పేరు ఉండి తీరాలని లేదు. జ్వరం వచ్చిన పిల్లాడి కథ, ఊళ్లో ఉన్న అమ్మమ్మ మీద బెంగ పెట్టుకున్న పాప కథ, వాన తగ్గేదాకా ఇంట్లోనే ఉండిపోయిన అన్నాచెల్లెళ్ల కథ కూడా ఇదే పని చేస్తాయి, కొన్నిసార్లు ఇంకా బాగా చేస్తాయి.

కరోనా మీద చాలా పుస్తకాలున్నాయి. మంచిదేదో ఎలా గుర్తుపట్టాలి?

ముందు మీరొక్కరే మొత్తం చదవండి. మీ గొంతు ఎక్కడైనా తడబడితే ఆ పేజీ గుర్తుపెట్టుకోండి, చదివేటప్పుడు అక్కడ మీకు ఓపిక కావాలి. తర్వాత, కథలో పిల్లలు ఏదైనా పని చేస్తున్నారా, లేక పెద్దవాళ్ల ఉపదేశం వింటూ కూర్చున్నారా చూడండి. "ఇలా చేయకపోతే జబ్బు వస్తుంది" అని వేలు చూపించే పుస్తకాన్ని పక్కన పెట్టేయమంటాను. అలాంటిది చదివిన పిల్లలు ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా తప్పు ఎవరిదో వెతుకుతారు.

బొమ్మల్లో ఇల్లు ఎలా ఉందో కూడా చూడండి. జబ్బు చేసినవాళ్లకు విడి గది, దానికి బాత్రూమ్, బాల్కనీలో పూలకుండీలు ఉన్న ఇల్లే ప్రతి పుస్తకంలోనూ కనిపిస్తే, ఒకే గదిలో ఐదుగురు ఉండే పిల్లకి అందులో తన ఇల్లు కనిపించదు. కుళాయి కింద కాకుండా బకెట్, చెంబుతో చేతులు కడుక్కునే బొమ్మ ఉన్న పుస్తకం దొరికితే వదలకండి. చివరగా ఆఖరి పేజీ. "ఇక ఎవరికీ ఏమీ కాదు" అని ముగిసే కథ కన్నా, "ఇంకా కొన్నాళ్లు ఇలాగే ఉంటుంది, మనం కలిసి ఉంటాం" అని ముగిసే కథ నిజానికి దగ్గర.

వైరస్‌కి కోరలు, ఎర్రకళ్లు పెట్టిన బొమ్మలు చూపించవచ్చా?

పిల్లల్ని బట్టి ఉంటుంది. రాక్షసుణ్ణి తన్ని తరిమే కథ కొందరికి ధైర్యాన్నిస్తుంది. మంచం కింద ఏదో ఉందని భయపడే పిల్లలకు మాత్రం అది ఇంకో భూతాన్ని తెచ్చిపెడుతుంది. వైరస్‌కి మన మీద పగ లేదు. కోపం, దురుద్దేశం ఉన్నట్టు గీసిన బొమ్మ చూశాక "అది నన్నే ఎందుకు పట్టుకోవాలనుకుంటోంది?" అని అడిగిన పిల్లలున్నారు. కళ్లూ నోరూ లేని మామూలు ముళ్ల బంతి బొమ్మనే నేను ఇష్టపడతాను.

రంగు సంగతి పిల్లలకు చెబితే ఆశ్చర్యపోతారు. మనందరికీ గుర్తున్న ఆ బూడిదరంగు బంతి, ఎర్రటి ముళ్ల చిత్రాన్ని అమెరికాలోని వ్యాధి నియంత్రణ సంస్థలో పనిచేసే చిత్రకారులు 2020 జనవరిలో తయారుచేశారు. ఆ రంగులు వాళ్లు ఎంచుకున్నవే. అసలు వైరస్ సుమారు 100 నానోమీటర్లు ఉంటుంది, అంటే మన వెంట్రుక మందంలో వందల వైరస్‌లు వరసగా పడతాయి. అంత చిన్నదానికి మన కంటికి కనిపించే రంగంటూ ఉండదు. "మరి నేను నీలం వేస్తాను" అని ఒకబ్బాయి వెంటనే క్రేయాన్ అందుకున్నాడు. వేయనివ్వండి.

## చదివేటప్పుడు

మధ్యలో ప్రశ్నలు అడుగుతూనే ఉంటాడు, కథ ముందుకు సాగదు. ఏం చేయాలి?

సాగకపోయినా ఫర్వాలేదు. ఆ ప్రశ్నల కోసమే కదా పుస్తకం తెరిచింది. రెండు పేజీల దగ్గర ఆగిపోతే ఆ రోజుకి రెండు పేజీలు చాలు.

"వైరస్‌కి అమ్మ ఉంటుందా?" లాంటి ప్రశ్నలకు ఏం చెప్పాలి? నాకే తెలియదు.

ఈ ప్రశ్నకు జవాబుంది: ఉండదు. వైరస్ ఒంటరిగా పెరగలేదు, పిల్లల్ని పెట్టలేదు. మన ఒంట్లోని కణంలోకి దూరి, ఆ కణం చేతే తనలాంటివి ఇంకా ఎన్నో తయారు చేయిస్తుంది. ఒకరి నుంచి ఒకరికి వెళ్లనివ్వకుండా ఆపితే దానికి ఆ అవకాశమే దొరకదు. తెలియని ప్రశ్న వస్తే "నాకు తెలియదు, రేపు కనుక్కుందాం" అనండి. మర్నాడు నిజంగా కనుక్కుని చెప్పండి. చెప్పకపోతే పిల్లలు మర్చిపోరు.

సబ్బుతో కడుక్కుంటే వైరస్ ఎలా పోతుందో బొమ్మ చూపించినా నమ్మడం లేదు. మిరియాల పొడి ప్రయోగం చేయవచ్చా?

చేయవచ్చు, పిల్లలకు చాలా నచ్చుతుంది. పళ్లెంలో నీళ్లు పోసి మిరియాల పొడి చల్లి, సబ్బు రాసిన వేలు మధ్యలో ముంచితే పొడి అంచులకు పారిపోతుంది. కానీ "చూశావా, వైరస్ ఇలాగే పారిపోతుంది" అని చెప్పకండి, ఎందుకంటే అది నిజం కాదు. సబ్బు తగలగానే నీటి పైభాగాన్ని బిగుతుగా పట్టి ఉంచే బలం తగ్గుతుంది, అందుకే పొడి పక్కకు జరుగుతుంది. కరోనా వైరస్ మీద సబ్బు చేసే పని వేరు. ఆ వైరస్ పైపొరలో కొవ్వు ఉంటుంది, సబ్బు ఆ పొరను విడగొట్టేస్తుంది. దీన్ని చూపించాలంటే నూనె అంటిన గిన్నె తీసుకోండి. ఒట్టి నీళ్లతో కడగమనండి, జిడ్డు పోదు. సబ్బుతో కడగమనండి, పోతుంది. 20 సెకన్లు ఎందుకని అడిగితే, వేళ్ల సందులన్నిటికీ సబ్బు చేరడానికి ఆ మాత్రం సమయం పడుతుందని చెప్పండి. లెక్క పెట్టడం రాని పిల్లలకు నచ్చిన పాట ఒక చరణం చాలు.

మాస్కులు, ఒళ్లంతా కప్పిన తెల్ల సూట్లు వేసుకున్న డాక్టర్ల బొమ్మ చూస్తే మా పాప ఏడుస్తుంది.

చిన్నపిల్లలు ఎదుటివాళ్ల మనసును ముఖంలో చదువుకుంటారు. ముఖమే కనబడకపోతే ఆ మనిషి మంచివాడో కాదో వాళ్లకు తేలదు. ఆ రోజుల్లో కొందరు ఆసుపత్రి సిబ్బంది నవ్వుతున్న తమ ఫోటోలను సూట్ మీద అంటించుకుని వార్డుల్లోకి వెళ్లారు. అదే పని ఇంట్లో చేయండి. బొమ్మలోని డాక్టర్ పక్కన చిన్న కాగితం మీద నవ్వే ముఖం గీసి అంటించి, "లోపల ఈమె ఉంది" అని చెప్పండి. మీరు మాస్కు పెట్టుకుని కళ్లతో నవ్వి చూపించి, వెంటనే తీసేయండి. తర్వాత తన బొమ్మకు పెట్టమని మాస్కు తన చేతికివ్వండి. ఐదేళ్ల లోపు పిల్లలకు మాస్కు తప్పనిసరి చేయనక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2020లోనే చెప్పాయి, కాబట్టి తనకు బలవంతంగా తొడగాల్సిన పని లేదు.

అదే పుస్తకం రోజూ చదవమంటుంది. ఏమైనా సమస్యా?

కాదు. చివరికి ఏమవుతుందో ముందే తెలియడం పిల్లలకు ధైర్యం. తనకు ఆ అవసరం తీరిన రోజు వేరే పుస్తకం తెస్తుంది.

ఫోన్‌లో పీడీఎఫ్ చూపిస్తే సరిపోతుందా?

వేరే దారి లేకపోతే సరిపోతుంది. నోటిఫికేషన్లు ఆపేసి, ఫోన్ మీరు పట్టుకుని, పేజీ జరిపే పని పిల్లలకివ్వండి. వీలైతే నలుపు తెలుపులో ప్రింట్ తీయించండి. రంగులు వాళ్లే వేసుకుంటారు.

మా అత్తయ్యగారు పిల్లలకి గత్తర (కలరా) కాలం కథలు, అమ్మవారి కథలు చెబుతుంటారు. ఆపమనాలా?

ఆపొద్దు. ఆ కథల్లో మన పుస్తకాల్లో దొరకనిది ఒకటుంది: ఇలాంటి కాలం ఇంతకుముందూ వచ్చింది, జనం దాటి వచ్చారు అన్న సంగతి. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి గుడి కథే చూడండి. 1813లో ఉజ్జయినిలో కలరా ప్రబలినప్పుడు అక్కడ సైన్యంలో పనిచేస్తున్న సురిటి అప్పయ్య, ఊరు గండం గట్టెక్కితే తన ఊళ్లో అమ్మవారిని ప్రతిష్ఠిస్తానని మొక్కుకున్నాడట. తిరిగొచ్చాక 1815లో ఆ మొక్కు తీర్చాడని గుడి చరిత్ర చెబుతుంది. ఆ గుడిలో జరిగే లష్కర్ బోనాలకు వెళ్లిన పిల్లలకు ఇది కళ్లముందు కనబడే కథ. 2020లో జనం గుమిగూడకూడదని బోనాలు ఎవరింట్లో వాళ్లు చేసుకున్నారు. రోగం నుంచి కాపాడమని మొదలైన పండుగను, అదే కారణంతో ఇంటిపట్టున చేసుకున్నారని చెబితే ఆరేడేళ్ల పిల్లలకు బాగా పడుతుంది.

ఒక్క జాగ్రత్త. "అమ్మవారికి కోపం వచ్చి జబ్బు పంపింది" అన్న మాట దగ్గర పిల్లలు ఆగిపోతారు, ఆ కోపం తమ మీదేనేమో అనుకుంటారు. జబ్బు క్రిమి వల్ల వస్తుందనీ, భయం వేసినప్పుడు మనవాళ్లు అమ్మవారిని తలుచుకుని ధైర్యం తెచ్చుకున్నారనీ చెప్పమని అత్తయ్యగారిని అడగండి. కథ ఆవిడదే, చెప్పేదీ ఆవిడే. ఆవిడ చెబుతుంటే పిల్లలు బొమ్మలు గీస్తే ఇంట్లోనే ఒక పుస్తకం తయారవుతుంది.

## ఇంట్లో జబ్బు చేసినప్పుడు, ఎవరైనా దూరమైనప్పుడు

నాకు జ్వరం వచ్చి విడిగా పడుకోవాల్సి వస్తే, నాలుగేళ్ల బాబుకి ఎలా చెప్పాలి?

మూసిన తలుపు పిల్లలకు అన్నిటికన్నా కష్టం. ముందే, మామూలుగా ఉన్నప్పుడే చెప్పండి: "అమ్మ ఈ గదిలో ఉంటుంది. నాన్న అన్నం పెడతాడు. తలుపు బయటి నుంచి నువ్వు మాట్లాడితే నాకు వినబడుతుంది." ఒకే పుస్తకం రెండు ప్రింట్లు తీసి ఒకటి మీరు, ఒకటి బాబు పట్టుకోండి. రాత్రి తలుపుకి అటువైపు మీరు చదువుతుంటే ఇటువైపు వాడు పేజీ తిప్పుతాడు. రోజూ అదే సమయానికి చదవండి. విడి గది లేని ఇంట్లో మంచాల మధ్య చీర కట్టి అయినా ఇది చేయవచ్చు. ఎన్ని రోజులో కచ్చితంగా తెలియకపోతే అంకె చెప్పకండి. చెప్పిన రోజున తలుపు తెరుచుకోకపోతే మీ మాట మీద నమ్మకం పోతుంది.

తాతయ్య కరోనాతో చనిపోయారు. "ఊరెళ్లారు" అని చెప్పాం. ఇప్పుడు ఎప్పుడొస్తారని అడుగుతోంది.

ఇప్పటికైనా నిజం చెప్పండి, ఆలస్యమైందని వెనకాడకండి. "ఊరెళ్లారు", "నిద్రపోయారు" అన్న మాటలను చిన్నపిల్లలు ఉన్నదున్నట్టుగానే తీసుకుంటారు. ఊరెళ్లినవాళ్లు తిరిగి రావాలి కదా. నిద్రపోయారంటే తను నిద్రపోవడానికే భయపడవచ్చు. ఒళ్లో కూర్చోబెట్టుకుని నెమ్మదిగా చెప్పండి: "తాతయ్య ఊరెళ్లారని చెప్పాం. నీకు ఎలా చెప్పాలో తెలియక అలా అన్నాం. తాతయ్యకి చాలా పెద్ద జబ్బు చేసింది. డాక్టర్లు ఎంతో ప్రయత్నించారు. తాతయ్య చనిపోయారు. చనిపోవడమంటే ఒళ్లు పనిచేయడం ఆగిపోవడం. ఊపిరి తీసుకోరు, ఆకలి వేయదు, నొప్పి ఉండదు. తిరిగి రారు." ఇంత చెప్పాక మీ ఇంటి నమ్మకం ప్రకారం దేవుడి దగ్గరున్నారని చెప్పుకోవచ్చు, కానీ ముందు ఇది చెప్పాలి.

పాప వెంటనే ఆటకి పరిగెత్తితే బాధ లేదనుకోకండి. ఈ వయసువాళ్లు దుఃఖాన్ని కొంచెం కొంచెంగా మోస్తారు. మళ్లీ రేపు అన్నం తింటూ "తాతయ్యకి ఆకలి వేయదా?" అని అడుగుతుంది. మరణం శాశ్వతమని చాలామంది పిల్లలకు ఐదు నుంచి ఏడేళ్ల మధ్యలో గానీ పూర్తిగా పట్టుబడదు, అందుకే అదే ప్రశ్న పదేపదే వస్తుంది. ప్రతిసారీ అదే జవాబు చెప్పండి. పెంపుడు జంతువో, అవ్వో చనిపోయే కథ ఉన్న పుస్తకాన్ని ఈ మాటలు అయిపోయిన తర్వాతే తీయండి. మరణవార్తను పుస్తకం చేత చెప్పించకూడదు. ఆ పని మన గొంతే చేయాలి.

మేం అమెరికాలో ఉంటాం. నానమ్మ పోయినప్పుడు ఇండియాకి రాలేకపోయాం. ఎందుకు వెళ్లలేదని మా అబ్బాయి ఇప్పుడు అడుగుతున్నాడు.

మీరు వెళ్లాలని అనుకోలేదేమో అన్నది ఆ ప్రశ్న వెనకున్న అనుమానం. జరిగింది చెప్పండి. భారత్‌కి రోజువారీ అంతర్జాతీయ విమానాలు 2020 మార్చి 23 నుంచి ఆగిపోయి, 2022 మార్చి 27న గానీ పూర్తిగా మొదలవలేదు. మధ్యలో కొన్ని ప్రత్యేక విమానాలు నడిచినా టికెట్, అనుమతులు దొరకడం కష్టమైంది. చాలా ఇళ్లలో అంత్యక్రియలు వీడియో కాల్‌లోనే చూశారు. ప్రపంచపటం ఉన్న బొమ్మల పుస్తకం తెరిచి మీ ఊరు, నానమ్మ ఊరు వేలితో చూపిస్తూ మాట్లాడండి. నానమ్మ వల్ల వాడికి పరిచయమైన తెలుగు మాటలు, పాటలు, ఆవిడ తినిపించిన తినుబండారాలు గుర్తుచేయండి. చూడలేకపోయినందుకు మీకూ బాధగా ఉందని వాడితో అనవచ్చు. మీ కంట్లో నీళ్లొస్తే దాచుకోనక్కర్లేదు.

"నా వల్లే నానమ్మకి వచ్చిందా?" అని అడిగింది. గుండె ఆగినంత పనైంది.

ఆ రోజుల్లో మనమే అన్నాం, "దగ్గరికి వెళ్లకు, నీ వల్ల నానమ్మకి వస్తుంది" అని. జాగ్రత్త కోసమే అన్నాం, కానీ ఆ మాట పిల్లల్లో ఉండిపోయింది. "ఛ, అలాంటివి అనుకోకూడదు" అని కొట్టిపారేయకండి. అడిగినందుకు దగ్గరికి తీసుకుని చెప్పండి: "జబ్బు తెచ్చింది వైరస్. అది ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో కంటికి కనబడదు. కావాలని ఎవరూ ఇవ్వరు. నువ్వు నానమ్మని ముద్దు పెట్టుకోవడం తప్పు కాదు, నానమ్మకి అది చాలా ఇష్టం." ఇది ఒకసారి చెబితే పోయేది కాదు. నానమ్మతో తను నవ్వుతున్న ఫోటో ఒకటి ప్రింట్ తీసి తనకివ్వండి. ముద్దు గుర్తొచ్చినప్పుడు భయం కాకుండా ఆ నవ్వు గుర్తురావాలి.

టీకా గురించి పుస్తకంలో "అస్సలు నొప్పి ఉండదు" అని ఉంది. అలాగే చదవాలా?

ఆ వాక్యం మార్చి చదవండి. "కొంచెం నొప్పి వేస్తుంది, త్వరగా తగ్గిపోతుంది." సూది పడ్డాక అబద్ధం తెలిసిపోతుంది, మళ్లీసారి ఆసుపత్రి గేటు దగ్గరే ఏడుపు మొదలవుతుంది. మన దేశంలో కరోనా టీకాలు 2021 జనవరి 16న మొదలయ్యాయి. 12 నుంచి 14 ఏళ్ల పిల్లలకు 2022 మార్చిలో ఇవ్వడం మొదలుపెట్టారు. "కోవాగ్జిన్ మన హైదరాబాద్‌లోనే తయారైంది" అంటే ఆరేడేళ్లవాళ్ల కళ్లు పెద్దవవుతాయి. టీకా అంటే మందులషాపులో దొరికే వస్తువు కాదు, మనుషులు కూర్చుని కష్టపడి కనిపెట్టిన సంగతి అని అప్పుడు అర్థమవుతుంది.

## బడిలో, అంగన్‌వాడీలో

క్లాసులో దగ్గే అబ్బాయిని అందరూ "కరోనా" అని పిలుస్తున్నారు. టీచర్‌గా నేనేం చేయాలి?

ఆ రోజే ఆపాలి. పాజిటివ్ వచ్చిన ఇళ్లవైపు చూడటానికే జనం భయపడటం, ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లను మన నగరాల్లో ఇదే పేరుతో పిలవడం పిల్లలు చూశారు, విన్నారు. పిలిచిన పిల్లలను నిలబెట్టి తిట్టకండి, అలా చేస్తే ఆ పేరు ఇంకా గట్టిగా అంటుకుంటుంది. జబ్బు చేసి తిరిగొచ్చిన ఒక పిల్ల కథ చదివి, ఆ పిల్ల బడి గేటు దగ్గర నిలబడ్డ బొమ్మ దగ్గర ఆగండి. "ఈమె ఇప్పుడు ఎవరు పలకరిస్తే బాగుండు అనుకుంటోంది?" అని అడగండి. పేర్లు వాళ్లే చెబుతారు. దగ్గే అబ్బాయిని మాత్రం క్లాసు ముందు ఉదాహరణగా చూపించవద్దు. వాళ్ల ఇంటివాళ్లతో విడిగా మాట్లాడండి.

మా అంగన్‌వాడీలో ఇరవై మంది పిల్లలు, ఒక్కటే పుస్తకం. ఎలా చదవాలి?

అర్ధచంద్రాకారంగా కూర్చోబెట్టి, పుస్తకం మీ భుజం ఎత్తులో పిల్లలవైపు తిప్పి పట్టుకోండి. వాక్యాలు ముందే నోటికి వచ్చి ఉండాలి. ఒక్కో బొమ్మ మెల్లగా ఒక చివర నుంచి ఇంకో చివరకు తిప్పండి. పేజీ తిప్పే పని రోజుకొకరికి ఇవ్వండి. అయిపోయాక "దీని నుంచి ఏం నేర్చుకున్నాం?" అని అడగకండి. బలపాలు, పలకలు ముందు పెట్టి ఊరుకోండి.

లాక్‌డౌన్‌లో రోడ్ల మీద నడిచి వెళ్లినవాళ్ల గురించి చిన్నపిల్లలకు చెప్పవచ్చా?

ఏడెనిమిదేళ్ల వాళ్లకు చెప్పాలనే నా అభిప్రాయం. మేడ్చల్ హైవే మీద మూటలు నెత్తిన పెట్టుకుని పిల్లలతో నడిచినవాళ్లను మన పిల్లలు టీవీలో చూశారు. తెలంగాణ మిరపతోటల్లో పనికొచ్చి, ఛత్తీస్‌గఢ్‌లోని తన ఊరికి నడిచి వెళ్తూ దారిలోనే ప్రాణం విడిచిన పన్నెండేళ్ల ఆదివాసీ అమ్మాయి గురించి సమీనా మిశ్రా రాసి, తారిక్ అజీజ్ బొమ్మలు వేసిన "జమ్లో వాక్స్" అనే ఇంగ్లీష్ పుస్తకం 2021లో వచ్చింది. ఒకే సమయంలో ఒక పిల్ల నడుస్తుంటే ఇంకొందరు పిల్లలు ఇళ్లల్లో ఎలా ఉన్నారో అది పక్కపక్కన చూపిస్తుంది. మన ఇళ్లల్లోకి వచ్చే మిరపకాయలు కోసిన చేతుల కథ కనుక తెలుగు పిల్లలు తప్పక వినాలి. చిన్నవాళ్లకు ఇది బరువు. పెద్ద పిల్లలకైనా రాత్రి పడుకునే ముందు చదవకండి, పగలు చదివి, మాట్లాడుకోవడానికి సమయం ఉంచుకోండి.

మా బాబు బొమ్మల ముక్కులో పుల్ల పెట్టి టెస్టులు చేస్తూ ఆడుతుంటాడు. ఆపాలా?

వద్దు. తనకు జరిగినదాన్ని ఈసారి తన చేతులతో చేసి చూసుకుంటున్నాడు. పుల్లకు బదులు దూది ఇవ్వండి. ఆటలో బొమ్మ ఎప్పటికీ కోలుకోకుండా, రోజుల తరబడి ఒకేలా ముగుస్తుంటే మీరూ ఆటలో చేరి, "డాక్టర్‌గారూ, మా అమ్మాయికి అన్నం పెట్టవచ్చా?" అని అడిగి కథను కొంచెం కదపండి.

## ఏళ్లు గడిచాక

2020లో పుట్టిన మా పాప తన బారసాల ఫోటోల్లో అందరికీ మాస్కులెందుకని అడుగుతోంది. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ఆ ఫోటోల నుంచే. తను కథానాయికగా ఉన్న బొమ్మల పుస్తకం మీ దగ్గర సిద్ధంగా ఉంది. మూడు కాగితాలు మధ్యకు మడిచి, మడతలో సూదీ దారంతో రెండు కుట్లు వేస్తే 12 పేజీలు వస్తాయి. పేజీకో ఫోటో, కింద ఒక్క వాక్యం. "నువ్వు పుట్టినప్పుడు అమ్మమ్మ కారు దిగలేదు. అద్దంలోంచి నిన్ను చూసింది." ఎవరెవరు రాలేకపోయారో, ఫోన్లో ఎవరు పాట పాడారో, ఊయల ఎవరు ఊపారో అడిగి రాయండి. ఖాళీ పేజీలు రెండు వదలండి, తను గీసుకుంటుంది. తన మాటలు తప్పుల్లేకుండా దిద్దాలని చూడకండి.

టీవీలో కొత్త వైరస్ అనగానే "మళ్లీ బడి మూసేస్తారా?" అని ఏడుస్తున్నాడు.

ముందు టీవీ ఆపేయండి. తర్వాత మీరు తెలుసుకుని చెప్పండి. 2025 జనవరిలో హెచ్‌ఎంపీవీ పేరుతో ఇలాగే హడావుడి జరిగింది. ఆ వైరస్‌ను శాస్త్రవేత్తలు 2001లోనే గుర్తించారు, కొత్తదేమీ కాదు. "ఎప్పటికీ మూయరు" అని మాట ఇవ్వకండి. "ఇప్పుడు బడి ఉంది. ఏదైనా మారితే నీకు ముందు నేనే చెబుతాను" అనండి. రెండో వాక్యమే పిల్లలకు కావాల్సింది.

పుస్తకాలు, మాటలు దేనికీ లొంగడం లేదు. ఎవరిని అడగాలి?

పక్క తడపడం మళ్లీ మొదలవడం, తిండీ ఆటా మానేయడం, మీరు కనుచూపు దాటితే వణికిపోవడం లాంటివి వారాల తరబడి ఉంటే పిల్లల డాక్టర్‌కు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబర్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లలు ఆపదలో ఉంటే పిల్లల సహాయ నంబర్ 1098కు చేయండి.

2020లో దాచిన కరోనా పుస్తకాలు ఇప్పుడు ఉంచాలా, తీసేయాలా?

ఉంచండి, కానీ చదివే ముందు ఒకసారి తిరగేయండి. మొదటి నెలల్లో వచ్చినవాటిలో జబ్బులేనివాళ్లకు మాస్కు అక్కర్లేదని ఉండవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలు జనానికీ గుడ్డ మాస్కులు సూచించింది 2020 జూన్‌లో. టీకా ఊసు వాటిలో ఉండదు. అలాంటి పేజీలో ఒక చీటీ అంటించి "అప్పటికి ఇంతే తెలుసు, తర్వాత ఇది తెలిసింది" అని రాయండి. జాగ్రత్తలు మాత్రమే చెప్పి కథ లేని కరపత్రాలు తీసేయవచ్చు. పిల్లలు గీతలు గీసిన, చింపి అతికించిన పుస్తకాలను మాత్రం తేదీ రాసి భద్రం చేయండి.